పదహారో నెల గడి

బుధవారం పొద్దున్నే
మంచు దిమ్మలు నాలుగు, సీసాలు పదకొండు,
నీలం పెట్టె భుజానికి తగిలించుకుని
కాశీనగర్ దాటి వంశధార గట్టు దిగుతాను.
ఎనిమిదేళ్లుగా పెట్టె బరువు అంతే.
భుజమే ఒకవైపుకి ఒరిగింది.

అంగన్‌వాడీ గోడ నీడలో తల్లులు.
ఝునా దీదీ ఒడియాలో పేర్లు పిలుస్తుంది,
జవాబు తెలుగులో వస్తుంది.
కొండ దిగొచ్చిన సవర పిల్ల ఒకతి
ఏమీ పలకదు, చెయ్యెత్తుతుంది.

లోలాక్షి రాలేదు. నేనే వెళ్లాను.
వాకిట్లో జీడిపిక్కలు కొడుతోంది,
వేళ్లు జీడి నూనెకి నల్లబడి.

"పెద్ద గుంటడికి ఏయించినాను దీదీ.
మూడు రాత్రులు ఒళ్లు పెనంనాగ కాలింది.
సూరత్ నుంచి ఆయన ఫోన్లో ఒకటే తిట్లు.
మీరు సూదెట్టి ఎలిపోతారు,
జొరం మాతోటి ఉండిపోద్ది."

జ్వరం మంచిదేనమ్మా, మందు పనిచేస్తున్నట్టు, అన్నాను.
శిక్షణలో కంఠతా పట్టించిన మాట.
"ఆ మంచి జొరానికి
మీరెప్పుడైనా రేత్రి కాపలా కాసినారా?"

సీసా ఎన్నింటికి తెరిచారని అడిగింది.
మంచు కరిగిపోతే ఏటవుద్దని అడిగింది.
నా రిజిస్టర్లో ఆమె పేరు పక్కన
"అవగాహన లేదు" అని ఉంది.
రాసింది నేనే.

చివరికి, పిక్క మీంచి కళ్లెత్తకుండా,
"మీ పాపకి అన్నీ ఏయించినారా?"
"ఆ, వేశాం" అన్నాను,
సూది గుచ్చేటంత వేగంగా.

రాత్రి ట్రంకుపెట్టె తెరిచాను.
రేషన్ కార్డు కింద లిపి టీకా కార్డు.
గొడుగులేసుకున్న ఒడియా అక్షరాల మధ్య
పదహారో నెల గడి
తెల్లగా.

ఆ బుధవారం గుర్తొచ్చింది.
పై ఊళ్లో ఇరవైముగ్గురు పిల్లలు, దారిలో వాగు.
వచ్చే వారం వేద్దాంలే,
సూది చేతిలోనే ఉంది కదా, అనుకున్నాను.
వచ్చే వారానికి రెండేళ్లు నిండాయి.
నెలవారీ నివేదికలో నా సబ్‌సెంటర్
నూటికి తొంభైఎనిమిది.
మిగిలిన ఇద్దరిలో ఒకతి
నా పక్కన నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

మళ్లీ బుధవారం.
వరసలో లిపి, నలిగిన గౌనులో.
లోలాక్షి వచ్చింది, కొడుకుని ఇంట్లో వదిలేసి,
చూట్టానికి.
చెప్పాను. ఆ రోజు అబద్ధమాడానని.
ఏమీ అనలేదు. కొంగు దోపుకుని కూర్చుంది.
"నాను పడతాను" అంది.
జీడి మరకల చేతులు లిపి మోకాళ్లని
నేను తల్లులకి చూపించే పద్ధతిలోనే పట్టుకున్నాయి.
"ఎన్నింటికి ఇప్పినారు?"
"తొమ్మిదీ నలభైకి."
లెక్క చూసుకుని తలూపింది.
అప్పుడు వణికింది నా వేలు.

అరగంట కూర్చుని వెళ్లండని అందరికీ చెప్తాను.
నేనెప్పుడూ కూర్చోలేదు.
అరగంట చాలా పెద్దది.

రాత్రి నూట ఒకటి.
తడిగుడ్డ, సిరప్పు, మళ్లీ తడిగుడ్డ.
మందు పనిచేస్తోంది అని నాకు నేనే చెప్పుకున్నాను.
ఆ మాట నిజమే.
రెండు గంటల వేళ నిజం కూడా
ఎంత పల్చగా ఉంటుందో.

గురువారం మా గుమ్మంలో లోలాక్షి.
పాలిథీన్ కవర్లో చిన్నవాడి కార్డు.
"తగ్గిందా?"
"తెల్లారుజామున."
ఏయిస్తానని అనలేదు. కార్డు చాపింది.
"ఏ గడి ఏటో కింద తెలుగులో రాసీ దీదీ.
రేపు ఆయన అడిగితే నాను సెప్పాల కదా."

ధనుర్వాతం. కోరింత దగ్గు. తట్టు.
గడులు చిన్నవి, తలకట్లు గీతలు దాటుతున్నాయి.
"జొరమొచ్చిన రేత్రి ఏటి సెయ్యాలో కూడా రాయి."

దానికి గడి లేదు.
కార్డు వెనక్కి తిప్పాను.