గిన్నె మీద పేరు

వరద తీసిన మూడో రోజు
పెన్న ఒడ్డు తుమ్మచెట్లు పూత మీదున్నాయి.
దూరం నుంచి అట్టాగే కనిపించింది.
దగ్గరికి పోతే కవర్లు.
నల్లవి, నీలంవి, చారలవి,
ముళ్ళకు గుచ్చుకుని ఎండకు ఆరుతూ,
గాలి వస్తే టపటపా
ఏదో అడుగుతున్నట్టు.

ఒకదాని మీద మా సందు మందుల షాపు పేరుంది.
అమ్మకు దగ్గు మందు.
సీసా పట్టడానికి నాకు చెయ్యి ఉంది,
చీటీ పెట్టడానికి జేబు ఉంది,
అయినా "కవరియ్యబ్బయా" అన్నది నేనే.
ఇది ఆ కవరే అని రుజువేం లేదు.
కాదనడానికీ లేదు.

ఇంటికొచ్చి అటక మీది స్టీలు సామాను దించాను.
మూత బిగువుగా పట్టే గిన్నె ఒకటి దొరికింది.
ఒక పక్క సొట్ట.
అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు:
'గూడూరు పెంచలయ్య దంపతుల దీవెనలతో'.
ఎవరీ పెంచలయ్య?
మావాళ్ళు కాదంది మా ఆవిడ.
మనవాళ్ళూ కాదంది అమ్మ.
ఏ పెళ్ళి పందిట్లో చేతులు మారి
మా అటకెక్కిందో గిన్నెకే తెలియాలి.

మొదటి ఆదివారం
దాన్ని గుడ్డసంచిలో దాచుకుని
దొంగసొత్తులా చేపల మార్కెట్టుకు మోసుకుపోయాను.
మస్తానమ్మ కత్తిపీట మీంచి తలెత్తి
"ఏంది సామీ, చేపలకొచ్చినావా, పాలకొచ్చినావా?"
పక్క గంపలన్నీ నవ్వాయి.
గిన్నె బరువు తీసేసి తూచమన్నాను.
"అబ్బో, ఎంత నమ్మకమో!"
కొర్రమీను ముక్క మొదటిది పడగానే
ఠంగుమంది స్టీలు.
బజారంతా విన్నట్టే అనిపించింది నాకు.

రెండో ఆదివారం మరిచిపోయాను.
మూడోసారి సగం దారిలో గుర్తొచ్చి
వెనక్కి పోయి తెచ్చుకున్నాను.
ఆటోకు ముప్పై రూపాయలు.
చేపల మీద పడ్డ ఆ ముప్పైని
మా ఆవిడ ఇప్పటికీ లెక్కలో చెబుతుంది.
చింతపండు పెట్టి తోమినా నీచు వాసన వదలదని
గిన్నెకు వంటింట్లో చోటివ్వలేదు.
పెరట్లో, కరివేపాకు మొక్క పక్కన,
గోడ మేకుకు దాని కాపురం.

దాని వెనకే ఇంకొన్ని ఇంట్లోకొచ్చాయి.
అన్నీ నిలవలేదు.
బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకుకు పోయడం నిలిచింది,
అది అమ్మ ఎప్పట్నుంచో చేస్తున్నదే,
నేనిప్పుడు చూశానంతే.
పాత ప్యాంటు కాళ్ళు రెండూ కూరగాయల సంచులయ్యాయి.
ఆఫీసుకు సైకిలు మాత్రం
పదకొండు రోజులే.
పన్నెండో రోజు మోకాలు గెలిచింది.

చలికాలం మధ్యలో అనుకుంటా,
మస్తానమ్మ మనవడు, ఎనిమిదో తరగతి,
గిన్నె తిప్పి అక్షరాలు పైకి చదివాడు.
ఆ పూట నుంచి మార్కెట్టులో
నేను పెంచలయ్యను.
"పెంచలయ్యా, సందువలొచ్చినాయి చూడు!"
"పెంచలయ్యా, ఈ వారం ఎండుచేపలే, వేటకు పోలేదు."
కాదని ఒక్కసారి చెప్పబోయాను.
మాట బయటికి రాలేదు.
ముఖం తెలియని ఆ మనిషి
ఎవరి కాపురానికో చల్లగా ఉండమని ఇచ్చిన గిన్నె ఇది,
నా నోటితో పలకడం వల్ల
ఆయనకు పోయేదేముంది?

నిన్న ఆమె పలక మీద
ఇంకో మూడు గిన్నెలు వరుసలో ఉన్నాయి.
ఒకటి టప్పర్ డబ్బా, ఒకటి పిల్లల క్యారేజీ,
ఒకటి ఏకంగా పప్పు వండుకునే తపేలా.
ఎవరివో అడగలేదు.
వాళ్ళ వెనక, ఎప్పటి మేకుకే,
నల్ల కవర్ల కట్ట వేలాడుతోంది.
కాస్త సన్నబడిందేమోనని
ప్రతి ఆదివారం కళ్ళతో తూకమేస్తాను.
ఒక్కోసారి సన్నబడినట్టే ఉంటుంది.
ఒక్కోసారి కొత్త కట్ట.

"గిన్నేదీ, పెంచలయ్యా?"
ఇదిగో అంటాను,
మూత తీస్తూ.