పుట్టుకతో వచ్చిన పేరు

ఆదోని మార్కెట్ యార్డులో నలభై రెండు కంప్యూటర్లు.
ఒక్కోదాని కడుపులో ఒక్కో మనిషి,
అట్టపెట్టెలోంచి తీసేటప్పటికే ఉన్నాడు.
పేరు అడ్మిన్.
పాస్‌వర్డు అడిగితే మళ్ళీ పేరే చెప్తాడు.
జీతం లేదు, హాజరుపట్టీలో సంతకం లేదు,
అయినా అన్ని గదుల తాళాలూ వాడి మొలతాడుకే.

పత్తిబండ్లు గేటు దాటి
రోడ్డు మీదికి బారు కట్టిన జనవరిలో
పదిహేడో కాటా లెక్కల్లో తేడా కనబడింది.
పెద్దదేం కాదు. నాలుగు కిలోలు.
కౌతాళం తిక్కయ్య చీటీలో
రాత్రి రెండూ పదికి ఎవరో అంకె దిద్దిపోయినారు.
ఎవరు?
చిట్టా తెరిస్తే రాసుంది: అడ్మిన్.

"ఆ పేరుతో అందరమూ పోతాం గదా మాబున్నీ"
అన్నాడు సూపర్‌వైజరు ఉరుకుందప్ప.
కాటా గుమాస్తా పోతాడు, ఏజెంటు తమ్ముడు పోతాడు,
ఏసీ బాగుచేయను వచ్చినోడు కూడా
పాటలు పెట్టుకోను ఒకసారి పోయినాడంట.
కీబోర్డు బోర్లించినా.
టీ మరకల పసుపు చీటీ,
నీలి సిరాతో రెండు మాటలు.
ఒకటే మాట, రెండుసార్లు.

మా జేజినాయన దూదేకులాయన.
విల్లు భుజానేసుకొని ఇల్లిల్లూ తిరుగుతుండె.
పాత పరుపు కుట్లు విప్పి
ముందు చెయ్యి పెట్టి తడుముతుండె:
తలపిన్నులు, చెల్లని పైసలు, విరిగిన సూదులు.
"సూడకుండా ఏకితే నరం తెగుతాది పాపా."
పదకొండు రాత్రులు నేనూ తడిమినా,
ఒక్కో యంత్రం కుట్లు విప్పి.

వాణ్ణి తీసేద్దామంటే కుదరదు,
పునాదిలో రాయి వాడు.
పేరు మార్చినా.
ఏ రెండిటికీ పోలిక లేని తాళాలేసినా,
ఇరవై నాలుగు అక్షరాలు, ఏ నోటికీ తిరగనివి.
రాసి, కవర్లో పెట్టి, లక్క కొట్టి
కార్యదర్శి బీరువాలో దాచినా.
తీసినోళ్ళు తేదీ వేసి సంతకం పెట్టాల.

పని చేసేటోళ్ళకు ఎవరి పేరు వాళ్ళకే ఇచ్చినా.
"ఇన్నాళ్ళూ ఒకే పేరుతో సుఖంగా ఉంటిమి"
అని గొణిగిన గుమాస్తా బందెనవాజ్
తెర మీద తన పేరు చూసి,
ఒక అక్షరం తప్పుందని
నా చేత దిద్దించుకొని గానీ లేవలేదు.

పాత పేరును పారెయ్యలేదు.
శనగచేలో దిష్టిబొమ్మకు చొక్కా తొడిగినట్టు
అడ్మిన్ అని ఒక ఖాళీ ఖాతా నిలబెట్టినా.
చేతులున్నాయి, ఏదీ పట్టుకోలేవు.
ముట్టుకుంటే నా ఫోను మోగుతాది.

పదిహేడోది మాత్రం లొంగలేదు.
దాని సాఫ్ట్‌వేరు అమ్మిన బళ్ళారి ఆయన
"పాస్‌వర్డు మారిస్తే కాటా నిలబడిపోతాది, మీ ఇష్టం" అన్నాడు.
తీగ పీకేసినా.
ఇప్పుడది ఇరుగుపొరుగుతో మాట్లాడదు.
దాని చీటీలు చేత్తో పట్టుకొని
బందెనవాజ్ ఎండలో ఆఫీసు దాకా నడుస్తాడు,
నన్ను తిట్టుకుంటా.

దిద్దిందెవరో ఈ పొద్దుకూ తెలీదు.
ఆ నాలుగు కిలోల డబ్బు
ఏ పద్దులో రాయాలో తేలక ఫైలులోనే ఉంది.
పోగొట్టుకున్నాయనకు పేరుంది, తిక్కయ్య.
తీసుకున్నోడికే లేదు.

రాత్రి రెండూ పదికి
ఫోను ఒక్కసారి మోగి ఆగింది.
లైటు వెయ్యకుండానే లేచి కూచున్నా.
చేలో ఎవరో
దిష్టిబొమ్మ చొక్కా పట్టి లాగినారు.