పై నీళ్లు

వాయుగుండం తీరం దాటిన రాత్రి కరెంటు పోయింది.
రామతీర్థం అవతల ఇసకదిబ్బల నడుమ
పదకొండు రొయ్యల చెరువులు.
అన్నిట్లోనూ చక్రాలు ఆగిపోయినాయి.
అంత నిశ్శబ్దం ఆ గట్టుమీద నేనెప్పుడూ వినలేదు.

నా ఉద్యోగం ఉప్పును కొలవడం.
విడవలూరు ల్యాబు నాది. సంచీలో జానెడు గొట్టం,
అద్దం మీద బొట్టు వేసి కంటికానిస్తే
నీలమూ తెలుపూ కలిసేచోట ఒక అంకె.

టార్చి వెలుగులో చూశాను: పైన ఆరు.
వెదురుకు సీసా కట్టి అడుగునించి తోడితే పంతొమ్మిది.
ఒకే చెరువు,
పక్క పంచుకుని మాట్లాడుకోని ఇద్దరిలా
రెండు నీళ్లు.

పోలమ్మకి గొట్టంతో పనిలేదు.
వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.
"వాననీళ్లు పైన పండుకోనుండాయి పాపా,
కిందోటికి ఊపిరాడటంలా."

రొయ్యలప్పుడే గట్టు వార నిలబడి
మీసాలు పైకెత్తుతున్నాయి.
రవణయ్య గొంతులోతు దిగి
తూము పలకల్లో అన్నిటికన్నా పైది ఒక్కటి లాగాడు.
పైది లాగితే పై నీళ్లే పోతాయి,
ఉప్పు ఉండిపోతుంది.
డీజిలు కోసం మోటారుసైకిల్ మీద పోయిన కుర్రాడు
ఇంకా రాలేదు.

గొనెపట్టా కప్పుకుని కూచున్నప్పుడు అడిగింది పోలమ్మ,
సముద్రం వైపు గడ్డం ఎత్తి,
"ఇంత చెరువుకే ఇన్ని చక్రాలు గదా,
దానికెవరు తిప్పతారు?"

చలి తిప్పుతుంది, ఉప్పు తిప్పుతుంది, గాలి కొంత, అన్నాను.
ఉత్తరాన, పడవేసుకుని ఎవరం పోనంత దూరాన
గ్రీన్‌లాండ్ అని ఒక మంచుదేశం.
ఎండదేశాల నీళ్లు అటు నడుస్తాయి,
దారిలో ఆవిరి పోగొట్టుకుని ఉప్పెక్కుతాయి,
అక్కడి చలికి బరువెక్కి మునుగుతాయి.
మునిగినవి గాలిని వెంటబెట్టుకునే దిగుతాయి.
అడుగు చీకట్లో వందల ఏళ్లు నడుస్తాయి.
ఇప్పుడా మంచు కరిగి
తియ్యనీళ్లు పైన పరుచుకుంటున్నాయి.
విరిగిన కొండలు కొన్ని
కడుపులో తియ్యనీళ్లు మోసుకుంటూ కొట్టుకుపోయి
నీళ్లు మునగాల్సిన చోటుకి చేరి అక్కడ కరుగుతాయి.

"అయితే మునగవా?"
మునుగుతాయి. నెమ్మదిగా, తక్కువగా.
ఎంత తక్కువో, ఎప్పటికో
ఒకరు చెప్పిన లెక్క ఇంకొకరు చెప్పడంలేదు.
"తూము యాడుండాది దానికి?"

టార్చి ఆర్పేశాను, బ్యాటరీ అయిపోతుందని.

తెల్లారేసరికి మూడు చెరువులు తెల్లగా తేలినాయి.
మిగిలినవాటికి వల దించక తప్పలేదు.
నెల్లూరు నించి ఐసు లారీ వచ్చింది,
దిమ్మలు పగలగొట్టే చప్పుడు, సగం ధర మాట,
షావుకారు ఫోనులో ఎవర్నో బతిమాలుతున్నాడు.

ట్రేలో పట్టని ఐసుముక్క ఒకటి
జారి ఉప్పుకాలవలో పడింది.
తలకాయ మాత్రం బయటపెట్టి తిరుగుతూ పోతోంది.
దాని చుట్టూ నీళ్లు
ఎండలో తారురోడ్డు మీద గాలిలా వణుకుతున్నాయి.
పోలమ్మ గట్టు దిగి, దాని పక్కన వేలు ముంచి
నాకు చూపించింది: నువ్వు చూడు.

ముందు తియ్యగా ఉంది.
కాసేపు తియ్యగానే ఉంది.
ఆ తర్వాతే ఉప్పు.

అంకె రాయడానికి పుస్తకం తీశాను,
నాలుకకి గడి లేదు అందులో.

పదింటికి కరెంటొచ్చింది.
చక్రాలు ఒక్కొక్కటే దగ్గి, తుమ్మి, తిరగడం మొదలెట్టాయి.
తొమ్మిదో చెరువులోది తిరగలేదు.
గేరుబాక్సులోకి నీళ్లు పోయినట్టుండాయని
రవణయ్య మళ్లీ చొక్కా విప్పాడు.