లోపలి గొళ్లెం

మా సిరొంచల మందు బందు.
నాకు మీసాలు రాకముందు నుంచే బందు.
జిల్లా మొత్తం ఎతికినా ఒక్క దుకాణం లేదు.
బయటోళ్లు వొచ్చి
"ఎంత మంచి ఊరు, ఒక్కడూ తాగడు" అంటరు.
మేము నీళ్ల దిక్కు చూసి ఊకుంటం.

అటొడ్డు తెలంగాణ.
అటొడ్డున దుకాణం.
వంతెన కట్టకముందు నాటు పడవల
గోనెసంచుల కింద సీసాలు తెచ్చిన చెయ్యి ఇది.
నాతోటి పడవ ఏసిన ఇస్తారి అనేటోడు:
"దొరకకపోవుడే పుణ్యం."
ఇప్పుడు ఇదే చెయ్యి
ఆదివారం పొద్దుగాల చర్చి గంట తాడు గుంజుతది.

క్రిస్మస్ ముందు బెంచీలు తుడుసుకుంట
ఓబేదు అయ్యగారిని అడిగిన:
"పరలోకంల పాపం ఉండదంటరు గదా,
చెయ్యబుద్ధి కాకనా?
చెయ్యరాకనా?"

అయ్యగారు కండ్లద్దాలు తుడిచిండు.
తుడిచినవే మళ్ల తుడిచిండు.

అది మా జిల్లా అసొంటిదైతే
నాకు ఎరుకే ఆ పరిశుద్ధత.
దుకాణం లేని ఊర్ల తాగనోడు
ఎవరిని గెలిచినట్టు?
చెక్‌పోస్టు కాడ సంచి విప్పితే
ఏమీ దొరకనోడల్లా భక్తుడా?

మరి అక్కడినుంచి పడ్డ దూత సంగతేంది?
వాడు పుట్టింది ఆ వెలుగులనే.
ఏ సర్పమూ వాని చెవుల ఊదలేదు.
అంటే అప్పుడు అక్కడ ఒక వంతెన ఉండె.
వాడు పడ్డంక కూలగొట్టిన్రా?
కూలగొడితే
నేను అక్కడ ఉన్నట్టా, ఉంచబడ్డట్టా?
కూలగొట్టకపోతే
కాలం ఒడవని ఆ ఊర్ల
ఏదో ఒక మాపటికి
నా గొంతు ఎండదా?

అయ్యగారు మెల్లగ అన్నడు:
"బాలింత తన బిడ్డను నేలకు కొట్టదు.
చేతులు లేకనా? బలం లేకనా?
కొట్టలేదు. అంతే.
ఆమెను ఎవరో కట్టేసిన్రంటవా?"

ఆ మాటకు నేను మూడు రోజులు ఊకున్న.

నాలుగో రోజు యాదికొచ్చింది,
వంతెన తెరిచిన ఏడు, ఒక రాత్రి.
జేబుల మిర్చి అమ్మిన పైసలు,
కాళ్ల కింద కొత్త సిమెంటు.
నడిమిట్ల నిలబడ్డ.
అటు దీపాలు. ఇటు కరెంటు పోయిన ఊరు.
ఎవ్వరు ఆపలేదు.
ఏ వాక్యమూ యాదికి రాలేదు, నిజం చెప్తున్న.
లారీ ఒకటి హారన్ కొట్టుకుంట పోయింది.
మళ్లిన.
అంతే, మళ్లిన.
నా బతుకుల ఇది నాది అని చెప్పుకునేది
ఆ మళ్లుడు ఒక్కటే.

ఇప్పుడైతే కాళ్లు అటు తిరగనే తిరగవు.
తిరగలేని కాళ్లు. కని నేను చేసుకున్నయి.
బాలింత కూడ గట్లనే చేసుకుంటదేమో
తన చేతులను, నిద్రలేని రాత్రులతోని.
అయ్యగారి మాట సగం ఒప్పుకున్న.

మిగిలిన సగం తబితది.
నా పెండ్లాం. బాప్తిస్మానికి ముందు పోశుబాయి.
తాగొచ్చిన ప్రతిసారీ తలుపు తీసింది.
ఒక్కసారి తియ్యలేదు.
చలికాలం. లోపల గొళ్లెం పడ్డ చప్పుడు విన్న.
తెల్లారేదాక అరుగు మీద
కుక్క పక్కన పండుకున్న.
ఆ ఒక్క రాత్రితోనే ఎరుకైంది
మిగిలిన రాత్రులన్ని ఆమె నాకు ఏమిచ్చిందో.

రెండేండ్ల కింద ముందుగల్ల పోయింది.
నేను పోయిన్నాడు ఎదురొస్తదంటరు,
కన్నీళ్లన్ని తుడిచేసిన మొఖంతోని
నవ్వుకుంట.
వొస్తదేమో.
కని ప్రభువా,
రాకుండ ఉండే హక్కు ఆమెకు ఉంచినవా?
బంగారు వీధులు నేనేం జేసుకుంట.
ఆమె ఇంటికి ఒక తలుపు పెట్టు,
తలుపుకు లోపటినుంచి గొళ్లెం పెట్టు.
అది ఉన్నదని తెలిస్తే చాలు,
అక్కడ చలి ఉన్నా సరే, నిలబడ్త.

రేపు ఆదివారం.
తాడు కొత్తది, అరచేతికి గరుకు.
గుంజితే ఆ మోత
నీళ్ల మీదికెళ్లి అటొడ్డుకు కూడ పోతది.
అక్కడ గప్పుడే షట్టరు ఎత్తుతరు.