తొమ్మిది పేజీల పిల్లాడు

జనవరిలో మా వెస్టరోలెన్ దీవులకి
సూర్యుడు సెలవు పెట్టేస్తాడు.
మధ్యాహ్నం మూడింటి ఆ చీకట్లోంచి టూరున్ దిగింది,
ఒక భుజాన పంపు సంచి,
ఇంకో భుజాన పదకొండేళ్ల అస్లాక్.

వంటింటి బల్ల మీద తొమ్మిది పేజీలు పరిచింది.
గొట్టంలోకి పాలు ఎన్ని, ఎంత మెల్లగా.
మూర్ఛ వస్తే ఏ పక్కకి తిప్పాలి,
ఎన్ని నిమిషాలు చూసి ఎవరికి ఫోన్ చెయ్యాలి.
ఏడో పేజీలో ఒక మరక, కాఫీది కావచ్చు.
ముప్పై ఏళ్లు ఫెర్రీలో వంట చేసినదాన్ని,
కాగితం చూసి ఉప్పు వేసి ఎరగను.
అయినా అంతా చదివాను,
రెండుసార్లు, పైకి, ఆమెకి వినబడేలా.

ఆ తర్వాత అడిగాను,
"వీడు దేనికి నవ్వుతాడు?"

పేజీలన్నీ తిరగేసింది.
"ఎవరూ అడగలేదు" అంది,
తప్పు తనదే అన్నట్టు.

మున్సిపాలిటీ వాళ్లు ఇచ్చింది నెలకి రెండు రాత్రులు.
వాటికోసం మూడేళ్లు, పద్నాలుగు ఉత్తరాలు.
ఏం చేస్తావమ్మా వాటితో అంటే
"తలుపేసుకుని తలస్నానం చేస్తా" అంది.
వెళ్లొస్తానని వాడికి నాలుగుసార్లు చెప్పింది,
నాకు చెప్పడం మర్చిపోయింది.

అరగంట దాటాక వాడి గదిలోంచి
గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు.
పరిగెత్తాను.
వాడు నవ్వుతున్నాడు.
గది కప్పు మీద నారింజ రంగు వెలుగు,
వెలిగి, ఆరి, వెలిగి,
వెలిగినప్పుడల్లా వాడికి కొత్తే.

తెర తీస్తే వాకిట్లోనే కారు.
రోడ్డెక్కడానికి ఎడమవైపు ఇండికేటర్ వేసి,
బెల్టు కూడా పెట్టుకుని,
స్టీరింగ్ మీద నుదురు ఆనించి
నిద్రపోయింది వాళ్లమ్మ.
వెనక పొగగొట్టం దాకా మంచు పేరుకుంటోంది.

హల్వార్‌ని పిల్లాడి దగ్గర కూర్చోబెట్టి
ఇంజిన్ ఆపి, ఆమెని నడిపించుకొచ్చాను.
నడిచిందనే గాని లేవలేదు.
బూట్లు నేనే విప్పాను.
సోఫాలో పద్నాలుగు గంటలు,
కల కూడా వచ్చినట్టు లేదు, కనురెప్ప కదలలేదు.

లోపల పిల్లాడు
కప్పుకేసి చూస్తూ ఎదురుచూస్తున్నాడు.
కోటు తొడుక్కుని మళ్లీ వెళ్లాను.
తాళం తిప్పి, ఎడమవైపు ఇండికేటర్ వేసి,
చలికి చేతులు చంకల్లో పెట్టుకుని
ఆ సీట్లో కూర్చున్నాను కాసేపు.

పొద్దున్నకి బ్యాటరీ చచ్చింది.
హల్వార్ గొణుక్కుంటూ తీగలు వెతుకుతున్నాడు.
నేను పెన్ను వెతుకుతున్నాను,
పదో పేజీకి.