అట

మా ఊళ్లో ప్రతి వాక్యానికీ చివర ఒక తోక.
వంతెన కాంట్రాక్టు బామ్మర్దికి పోయిందట.
ఇనుము తుక్కు కొట్లో కొన్నదేనట.
మంత్రిగారి వాటా ముందే ముట్టిందట.
నాంపల్లి ఇరానీ హోటల్లో
సగం చాయ్ సాసర్లో పోసుకుని
ఊదుకుంటూ అంటారు.
ఎవరి మీదా కేసు పడని మాట,
ఎవరికీ నిద్ర చెడని మాట.

నేను స్టెనోని.
ముప్ఫై ఒక్క ఏళ్లు పెన్సిళ్లు చెక్కాను.
విచారణ కమిషన్‌కి ఇచ్చింది పాత భవనంలో రెండో అంతస్తు.
ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరేవి,
ఆపితే జడ్జిగారికి చెమట.
తలుపు మీద కొత్త బోర్డు, దాని పెయింటులోంచి
తూనికలు కొలతల శాఖ ఇంకా కనబడేది.

వంతెన కూలిన రోజు పెద్దలు వరసగా వచ్చారు.
చెప్పులకు బురదంటకుండా ఎవరో చెక్కలు పరిచారు.
ఎంతటివారైనా వదిలేది లేదు, అన్నారు
ఒకరి తర్వాత ఒకరు, అదే మైకులో.
జనంలోంచి ఓ ముసలాయన:
'పట్టుకుంటే గద బిడ్డా, ఇడిసిపెట్టెటందుకు!'
తొమ్మిది శవాల పక్కన నవ్వు.
టీవీ ముందు కూర్చుని నేనూ నవ్వాను.
నెల తిరక్కుండా నన్ను ఆ కమిషన్‌కే వేశారు.

నలభై మూడో సాక్షి, కావేటి బాలమణి.
చాదర్‌ఘాట్ వైపు మెట్ల కింద మక్క కంకులు కాల్చేది.
ప్రమాణం చేయమంటే
ముందు చేతుల మసి కొంగుకు తుడుచుకుంది.
అదే కొంగు ముడి విప్పి
బల్ల మీద పెట్టింది,
బొటనవేలంత బోల్టు.
మర ఒకవైపు అరిగిపోయి, మిగతాదంతా తుప్పు.

కాంట్రాక్టరు వకీలు లేచాడు.
'ఇది వంతెనదేనని నీకెవరు చెప్పారు?'
'ఎవలు చెప్పలే సార్.
పైకెల్లి వచ్చి నా తట్టల పడ్డది.'
'ఎప్పుడు?'
'కూలక ముందే. బోనాల ఆదివారం.
ఇంజినీరు సారుకు చూపిచ్చిన.
కంకి తినుకుంట చూసిండు.
పైసలు గుడ ఇయ్యలే.'

పడ్డదట కాదు.
చూసిండట కాదు.
ఫ్యాను చప్పుడు.
జడ్జిగారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.
నా పెన్సిలు ములుకు విరిగింది.
ఆ రెండక్షరాలు ఊడబెరకడానికే కాబోలు
పధ్నాలుగు నెలలు, మూడు పొడిగింపులు,
లెక్కలేనన్ని ఉస్మానియా బిస్కెట్లు.

సాయంత్రం కార్యదర్శిగారు పిలిచారు.
'చూపించినట్లు సాక్షి చెబుతున్నారు, అని పెడదామయ్యా.
భాష బాగుంటుంది.'
బాగుంటుంది.
అదీ అటే, కోటు తొడుక్కున్న అట.
నేను వీరుణ్ణి కాను, రిటైర్మెంట్‌కి రెండేళ్లు.
ఆయన చెప్పినట్టే టైపు చేశాను.
ఇంటికెళ్లి అన్నం సహించక
పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి
బాలమణి చెప్పినట్టు మార్చేశాను.
కార్యదర్శిగారు చదవకుండా సంతకం పెట్టారు.
మన దగ్గర చెడ్డ పనులే కాదు,
ఒకటీ అరా మంచి పనులూ అలాగే జరిగిపోతాయి.

ప్రభుత్వం మారింది. నివేదిక బీరువాలోకి వెళ్లింది.
జైలుకెవరూ వెళ్లలేదు.
ఇంజినీరుకు ప్రమోషన్ ఆగింది, ఏడాదిన్నర.
కమిషన్లంటే ఇంతే భాయ్, అన్నారు సాసర్ల వెనక.
కాదని ఏ మొహంతో అంటాను?

ఓ మధ్యాహ్నం బాలమణి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది
పేజీకి రెండు రూపాయలు కట్టి తెచ్చుకున్న కాగితాలతో.
'సదువు రాదు సార్.
నేను చెప్పింది చెప్పినట్టే ఉన్నదా?'
చదివాను.
తక్కెడ ముల్లును చూసినట్టు
నా పెదాలనే చూస్తూ విన్నది.
కంకి పైసల దగ్గర పకపకా నవ్వింది.
'గది గుడ రాసిన్రా!'
రాశామమ్మా. పేజీ రెండు వందల పన్నెండు.

మంచినీళ్లు తాగి, లేస్తూ
తన బోల్టు ఏదని అడిగింది.
సీలు వేసి, భద్రంగా
ఎక్కడో ఉంచారట.