మెట్ల కింద జాగ

మూడు మూరల వెడల్పు, ఎత్తు నా బొడ్డు కాడికి.
మీటర్ డబ్బా కింద, పాత టైరు ఆనిచ్చిన మూల.
అద్దె కాగితంల రాసి లేదు గని
జొన్న పండేది అక్కడనే.

"కొంరవ్వా, వాసనొస్తే మాత్రం ఊకోను"
అన్నడు వైకుంఠం సారు, చాక్‌పీసు పట్టినట్టు వేలు లేపి.
ఇరవై తొమ్మిదేండ్లు బడిల పంతులు గదా,
ఆయన ముక్కు సుత హాజరు తీసుకుంటది.

అందుకే బాలాజీనగర్ల అందరికన్న ముందు
నా చీపురు లేస్తది.
ఉచ్చ మీద నీళ్ల పొయ్యిల బూడిద జల్లుత.
అది గుంజుకునే దాంక చాయ మరుగుతది.
అట్ట ముక్కతోని ఎత్తి, ఏడినీళ్లు కొట్టి,
కుంకుడుకాయ పులుసుతోని మూలమూల గీకుత.
గచ్చు వాలు మోరీ దిక్కు గాక గోడ దిక్కున్నది,
ఎవడో మేస్త్రి తాగి పెట్టిన వాలు.
నీళ్లు నిలుస్తయి. నిలిస్తే కంపు.
లుంగీ పీలికేసి పీల్చుడు ఒక పని, పిండుడు ఇంకో పని.

"మనిషికి లేని సోకు కుక్కకెందుకే" అన్నడు మొండయ్య.
అన్నోడే మర్నాడు ఆటో సీటు కింది రబ్బరు షీటు తెచ్చి
మాట్లాడకుండ పరిచి పోయిండు.

మొదట్ల తెలువక ఫినాయిల్ పోసిన.
సగం బుడ్డి పోసిన, పుణ్యం రావాలని.
జొన్న టైరు కాడ నిలబడి
నన్ను జూసింది, జాగను జూసింది,
పిలవని పెండ్లికొచ్చిన సుట్టం లెక్క
రాత్రంత మోరీ గట్టు మీద పండింది.

పరుపు సంగతి చెప్పద్దు.
ఎనుమాముల నుంచి తెచ్చిన మిర్చి సంచి
ఏడు నీళ్లల్ల జాడిచ్చిన,
ఎనిమిదో నీళ్లు కూడ ఎర్రగనే వచ్చినయి.
దాని మీద పండి, తుమ్మి తుమ్మి లేసింది.
చివరికి నా పుట్టింటి దుప్పటే రెండు తుంటలు చేసిన,
ఒకటి దాని కింద, ఒకటి పిట్టగోడ మీద.
మా ఎండ ఊకెనే దొరుకుతది, వాడుకోవాలె.
ముసురు పట్టినప్పుడు మాత్రం చేతులెత్తేస్త.
తడిసిన కుక్క ముందట
ఏ కుంకుడుకాయ పనిజెయ్యదు.

మొన్న శివరాత్రి ముందు,
యార్డుల మిర్చి గుట్టలు గుట్టలు.
పొద్దంత తొడిమెలు గిల్లి ఇంటికొచ్చిన,
గోర్లు, కొంగు, కనురెప్పలు సుత ఘాటు.
అప్పుడే సారు కిరాయికి దిగిండు.
నా పక్కకొచ్చి మెట్ల కిందికి వంగిండు. ముక్కు పెట్టిండు.
ఒక తుమ్ము. రెండు. ఐదు.
"చెప్పిన గదనే, ఆ కుక్క..."
"కుక్కది గాదు సారు," అన్న, "నాది."
ఆయన కండ్లు తుడుసుకున్నడు.
మిర్చికో, మాటకో, నేనడుగలే.

ఆ రాత్రి తెలివికొచ్చింది నాకు.
రోజు నేను గేటు తీయంగనే
జొన్న నాలుగడుగులు ఎనుకకు పోతది.
తోక ఊపుతనే ఉంటది, దగ్గరికి రాదు.
నల్ల కాడ చీర మార్చి,
చేతులకు నూనె రాసి, శనగపిండి రుద్ది కడిగినంక
అప్పుడొచ్చి సూస్తది, వేలు వేలు,
సారు కంటె గట్టి హాజరు.
పాసైతేనే తల ఒళ్లె పెడ్తది.
వాసన లేకుండ ఉంచుకోవాల్సిన జాగ
దాని లెక్కల నేనే.

అన్ని కడుగుత గని ఒక్కటి కడుగ.
దుప్పటి అంచు, జానెడు పీలిక, నల్లగ జిడ్డు,
కండ్లు తెరువని పిల్లప్పుడు చీకినది.
గచ్చంత కడిగిన రోజు
జొన్న సుట్టు తిరిగి తిరిగి దాన్నే దేవులాడుతది,
మూతి ఆనిచ్చినంకనే కండ్లు మూస్తది.

ఒకటో తారీఖు దాన్ని
నీళ్ల డ్రమ్ము ఎనుక దాస్త.
సారు నోట్లు లెక్కబెట్టినంత సేపు
జొన్న అటే సూస్తది.
చెప్తదేమోనని నాకు గుండె దడ.